ఎక్కని మోకు

బక్కయ్యను తిట్టుకోకుండా ఎల్లేశానికి ఈ మధ్య ఏ రోజూ తెల్లవారదు. సొంత అక్క మొగుడు, సిరిసిల్లలో పేరున్న మేస్త్రి, మంచాన పడ్డ బామ్మర్ది జాగను వాడు మంచంలో ఉండగానే కోసుకున్నవాడు. అట్లాంటి మనిషి పండుగకు వస్తే చెంబుతో కాళ్ళకు నీళ్ళివ్వాలి, కోడి ఉంటే కొయ్యాలి, బావా అని నోరారా పిలవాలి. దొంగ బయటివాడైతే దొంగా అని వాడకట్టంతా వినేట్టు అరవొచ్చు. ఇంటల్లుడైతే ఏమని అరుస్తాడు మనిషి? అరిస్తే అక్క మొఖం చిన్నబోతుంది, అక్క మొఖం చిన్నబోతే చచ్చిన తల్లి కలలోకొస్తుంది. ఇదే ఆలోచన, పుండు మీద ఈగలాగ, తోలితే లేస్తుంది, మళ్ళీ అక్కడే వాలుతుంది. ఇప్పుడు కూడా అక్కడే వాలింది, జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద, ఎటూ కదలని ఆటోలో, ఒళ్ళో గోదారి నీళ్ళ బాటిల్ పట్టుకుని కూర్చున్న ఎల్లేశం నెత్తి మీద.

ముందర రోడ్డుకు అడ్డంగా మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించారు. వంటావార్పు. తెలంగాణ వచ్చేదాకా రోడ్డే ఇల్లు, రోడ్డే వంటిల్లు అంటున్నారు మైకులో. ఒక గుండిగలో బియ్యం పోశారు, ఇంకోదానిలో పప్పు, ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి, అవతల ఎవరో టైరు తగలబెట్టారు, ఆ నల్ల పొగ ఆటోలోకి వచ్చి గొంతులో కూర్చుంటోంది. లారీల వెనక లారీలు. ఆటో నడిపే ఖలీల్ మాత్రం పెళ్ళికొచ్చినట్టే ఉన్నాడు.

"కాకా, జర కాళ్ళు చాపుకో. వండి, తిని, చెయ్యి కడిగేదాక రోడ్డు ఇడువరు."

"ఎంతసేపు పడుతది?"

"ఉప్పెక్కువైతె జల్ది అయితది. తక్కువైతె మల్ల వండుతరు."

నవ్వి దిగిపోయాడు, పప్పులో చింతకాయ వేశారో లేదో చూసొస్తానని. ఎల్లేశానికి నవ్వు రాలేదు. పొద్దు నడినెత్తికి వస్తోంది. పొద్దు వాలకముందే ముహూర్తం. కోరుట్లలో తన జాగలో, తను లేకుండా, మళ్ళీ, సరిగ్గా అప్పటిలాగే తను లేకుండా, ఎవరో ఒకరు సున్నం ముగ్గు పోసి తాడు కట్టేస్తారు. ఆ ఆలోచన రాగానే ఎడమ తుంటి సలిపింది. ఏ భయమైనా వాడికి ముందు తుంటిలోనే తెలుస్తుంది.

పొద్దున పెండ్లాం లత అననే అన్నది, బీడీల చాట ఒళ్ళోంచి దించకుండానే. "గా నీళ్ళకు నువ్వే పోవాల్నా? ధర్మపురి పొయ్యేటోళ్ళు రోజు పోతరు. ఎవలన్న తెస్తరు." "ఎవలన్న తెస్తె అవి గోదారి నీళ్ళో బోరు నీళ్ళో నీకెట్ల ఎర్క?" అన్నాడు తను. ముహూర్తపు రాయి మీద గోదారి నీళ్ళు పొయ్యాలి, అవి తన చేత్తో ముంచినవై ఉండాలి. ఎవరినీ నమ్మనివాడు ప్రతిదానికీ తనే పోవాలి. తనే పోయేవాడు ఉండాల్సిన చోట ఉండడు. ఈ సంగతి ధర్మపురి మెట్ల మీద తట్టలేదు, ఆటో ఎక్కినప్పుడు తట్టలేదు, ఇక్కడ, పొగలో తడుతోంది.

అప్పుడైతే లేకపోవడానికి కారణముంది. తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఐదో తరగతిలో బడి మానిపించి తండ్రి తన నడుముకు చెట్టెక్కే మోకుతాడు కట్టిన నాటి నుంచి ఎన్ని వేల సార్లు ఎక్కాడో, ఎన్నిసార్లు దిగాడో, ఒక్కసారి మాత్రం దిగలేదు, పడ్డాడు. ముందురోజు కురిసిన వానకు మోకు నాని ఉంది, ఎక్కే ముందు గుంజి చూడలేదు. అంతే. మోకు జారిన చప్పుడు చిన్నది, పాము ఆకుల్లో పోయినంత. తర్వాత కమ్మల సందున ఆకాశం, ఆ ఆకాశం పైకి పోవడం, తను అక్కడే ఉన్నట్టూ చెట్టే పైకి పెరుగుతున్నట్టూ అనిపించడం. తండ్రి ఎప్పుడూ చెప్పేవాడు, "మన కాటమయ్య దేవుడే కట్టిచ్చిన మోకైన సరే, నేల మీద ఉన్నప్పుడే ఎనకకు పడి బరువంత ఏసి గుంజి చూడాలె బిడ్డా. పైకి పొయినంక చూసెడిది ఏముండదు." ఆ రోజు చెట్ల కింది కల్లు మండువ నుంచి పరుగెత్తుకొచ్చి తనను భుజం మీద వేసుకుని రోడ్డుదాకా మోసింది ఎవరు? బక్కయ్యే. చుట్టంగా కల్లుకొచ్చిన బక్కయ్య. చెప్పులు తెగిపోతే వట్టి కాళ్ళతో మోశాడు. అందుకే కదా గొంతులో ముల్లు. మోసినవాడే మోసం చేస్తే మోసిన బరువు ఎక్కడ దించుకోవాలి?

దవాఖానలో ఉండగా బక్కయ్యే అన్నాడు, జాగ ఖాళీగా ఉంటే ఎవడో ఒకడు హద్దురాళ్ళు జరుపుతాడు, పునాది తీసి బేస్‌మట్టం వరకైనా లేపుదాం బామ్మర్దీ, నా చేతి పని, నీకు కూలీ ఖర్చే అని. పక్కనే తూర్పున ఉన్న జాగ అక్క గంగవ్వ పేరున ఉంది, ఇద్దరివీ కలిసే ఉంటాయి, ఆడబిడ్డ పక్కనే ఉంటుంది, ఇంకేం కావాలి? తను లేచి కర్ర పట్టుకుని పోయేసరికి బేస్‌మట్టం లేచింది. నాలుగు దిక్కులా చక్కగా, తాడు పెట్టినట్టు. మంచిగుంది బావా అన్నాడు. మంచిగుంది అన్నాడు! ఆ మాట అన్న నోటి మీద ఇప్పుడు కొట్టుకోవాలనిపిస్తుంది. తర్వాత పని ఆగింది, మోకు మూల పడింది, కల్లు మండువలో కూర్చుని ఇతరులు గీసిన కల్లు పోసే బతుకైంది, లత బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ళు నల్లబడి ఇన్నేళ్ళకు మళ్ళీ గోడలు లేపుదామనే దాకా వచ్చింది. లేపుదామంటే మేస్త్రి కావాలి. నమ్మకమైన మేస్త్రి.

గులాం మొహియుద్దీన్‌ను మొదట పిలిచాడు. కోరుట్లలో ముసలి మేస్త్రి, గడ్డం మీద ఎప్పుడూ సిమెంటు పొడి. వచ్చాడు, నిలబడ్డాడు, ఇంటి గురించి ఒక్క మాట అడగకుండా టేపు తీసి ఒక కొస తన చేతికిచ్చాడు. పట్టుకోమన్నాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "ఎల్లేశం భాయ్, పట్టాల ఉన్నంత జాగ ఈడ లేదు. నీ బేస్‌మట్టం తూర్పుకెళ్ళి లోపటికి అచ్చింది. నీ అసలు హద్దు అవుతల ఉన్నది, మీ అక్క జాగల కలిసిపొయ్యింది." తనకప్పుడు కోపం వచ్చింది, కోపం బక్కయ్య మీద రావాలి కదా, ముందు ఈ ముసలాయన మీదే వచ్చింది. మంచి కబురు తేనివాడి మొఖం ఎవరికి నచ్చుతుంది? "ఇది పగలగొట్టి హద్దు మీదికెళ్ళి మల్ల తియ్యాలె. లేకుంటె నేను చెయ్య" అన్నాడు. సరే, నువ్వు సరిగ్గా కొలిచినట్టు నాకెట్లా నమ్మకం, కసం తిను, మీ అల్లా మీద తిను అన్నాడు తను. మొహియుద్దీన్ టేపు చుట్టుకుంటూ, "కసం నేను తిన. టేపు నీ చేతిలనే ఉండె గద. నమ్మకుంటె మల్ల గుంజు" అన్నాడు. అంతే, సలాం కూడా సగమే పెట్టి పోయాడు.

ప్రమాణం చెయ్యనివాణ్ణి ఎట్లా నమ్మాలి? బక్కయ్య చేశాడు. పది రోజుల కింద సిరిసిల్ల పోయి అడిగితే, కోపం కూడా తెచ్చుకోకుండా లోపలికి పోయి, గోడకు తగిలించిన మోకు తెచ్చి, దాని మీద చెయ్యి వేసి, "కాటమయ్య సాక్షి. బెత్తెడు జాగ గూడ ముట్టలె. ముట్టి ఉంటె గీ మోకే నన్ను తినాలె" అన్నాడు. పక్కన అక్క తలవంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గౌండ్లవాడు మోకు మీద చెయ్యేసి అబద్ధమాడడు. ఆడినవాడు బతికిన దాఖలా లేదు. ఇది తండ్రి చెప్పింది, తాత చెప్పింది. తను బస్సెక్కి తిరిగొచ్చాడు, టేపు అబద్ధమా, మోకు అబద్ధమా అని దారి పొడుగునా తలకొట్టుకుంటూ.

అప్పుడే వచ్చాడు జితేందర్. కులపోడే, ముప్పై లోపు, మెడలో కండువా, ప్రతి ధర్నాలో ముందు వరుస. "మామా, పరాయోళ్ళకు ఎందుకు ఇస్తున్నవే కాంట్రాక్టు? మన తెలంగాణ, మన మేస్త్రి. పాత బేస్‌మట్టం గట్టిగున్నది, దాని మీదనే లేపుదాం. పగలగొట్టుడు పాపం." "బక్కయ్య ఎర్కేనా నీకు, సిరిసిల్ల?" అని అడిగాడు తను, ఊరికే, భయానికి. "ఏ బక్కయ్య? పేరు ఇన్న గని మొఖం చూడలె మామా" అన్నాడు. అని, అడగకముందే, మూలనున్న తన మోకు మీద చెయ్యి వేసి కాటమయ్య సాక్షి అన్నాడు. తన గుండె చల్లబడింది. లత మాత్రం ఆకు కత్తిరిస్తూ తలెత్తలేదు.

తేల్చుకోలేక ఇద్దరినీ రమ్మన్నాడు. ముహూర్తం వేళకు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, మొఖాలు చూసి, ఎవరి కన్ను అదురుతుందో చూసి చెబుదామని. రాయి ఒకటే, పెట్టే చోటు రెండు. మొహియుద్దీన్‌ అయితే అసలు హద్దు మీద, జితేందరైతే పాత బేస్‌మట్టం గోడ మీద. పూజ చేసి పెట్టిన రాయి కదపకూడదు. కదిపితే ఇంటి పెద్ద లేచి తిరగడంటారు. ఒకసారి పడి లేచిన మనిషికి ఆ మాట వినడమే చాలు.

మైకులో ఒకడు గొంతు చించుకుంటున్నాడు. "మన జాగలల్ల పరాయోడు కోటలు కట్టిండు! మన భూమి మనకు గావాలె!" జనం జై తెలంగాణ అన్నారు. ఎల్లేశం కూడా పెదవులు కదిలించాడు, అలవాటుగా. నా జాగ తిన్నవాడు ఏ పరాయి దేశంవాడు? కొంగుకు కొంగు ముడేసిన నా అక్క మొగుడు. దానికి ఏ రోడ్డు మీద వంట వండాలి? రాష్ట్రం వస్తే హద్దురాళ్ళు వాటంతటవి వెనక్కు జరుగుతాయా? అవతల వెదురు లాఠీలు పట్టుకుని పోలీసులు వ్యాను దిగుతున్నారు. వాళ్ళు ఉరికిస్తే ఈ తుంటితో ఎంత దూరం ఉరుకుతాడు? పడితే పైన తొక్కేవాళ్ళే గాని లేపేవాళ్ళుండరు. బాటిల్‌ను గట్టిగా పట్టుకున్నాడు, అదే మోకైనట్టు.

జేబులో ఫోను కొట్టుకుంది.

"ఏడున్నవయ్యా?" లత గొంతు.

"తొవ్వల. రోడ్డు బందు. ఎవలచ్చిండ్రు?"

"ఇద్దరచ్చిండ్రు. జితేందర్ సున్నం సంచి ఇప్పిండు. మొహియుద్దీన్ భాయ్ రాళ్ళ కుప్ప మీద కూసున్నడు, నువ్వచ్చేదాక తాడు ముట్టడంట. ఇంగో... అక్క గూడ అచ్చింది."

"ఏ అక్క?"

"ఎంతమంది అక్కలున్నరు నీకు? సిరిసిల్ల అక్క. జితేందర్ బండి మీదనే అచ్చింది."

చెవిలో డప్పులు ఆగిపోయినట్టయింది. అక్కను తను పిలవలేదు. ముహూర్తం సంగతి సిరిసిల్లకు చెప్పనే లేదు. బస్సులు లేని రోజు, రోడ్లన్నీ బందున్న రోజు, బక్కయ్య మొఖమే చూడలేదన్నవాడు సిరిసిల్లదాకా పోయి బక్కయ్య పెండ్లాన్ని బండి మీద కూర్చోబెట్టుకొచ్చాడు.

"అక్క అంటున్నది, ఆడబిడ్డ చేతితోని రాయి పడితె ఇల్లు నిలుస్తదంట, యాళ్ళ దాటుతదంట. నేనేమనాలె? ఆడబిడ్డ చెయ్యి నేనెట్ల పట్టుకుంట? మొహియుద్దీన్ భాయ్ అంటుండు, ఎల్లేశం ఒక్క మాట అంటె ముగ్గుకు అడ్డం కూసుంట, ఎవడు లేపుతడో చూస్త అని. ఒక్క మాట చెప్పు. ఆపాల్నా, కానియ్యాల్నా?"

ఆపు అనాలి, రెండక్షరాలు, నాలుక మీదికొచ్చాయి కూడా, కానీ ఆపితే ముహూర్తం పోతుంది, ముహూర్తం పోయిన ఇల్లు ఎట్లాంటి ఇల్లో మండువలో ఎన్ని కథలు విన్నాడు, అక్క చేతిలో రాయి ఉంటే ఆపు అనడమంటే ఆ చేతిని కొట్టడమే, ఆ చెయ్యే కదా తల్లి పోయిననాడు జొన్న గటక కలిపి ముద్దలు పెట్టింది, ఉప్పు లేకపోతే కన్నీళ్ళు పడ్డాయి తిను అని నవ్వించింది, మరి ఆ చేతికి తెలుసా ఆ రాయి ఎక్కడ పెడుతోందో, తెలుసు, బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎందుకు ఎత్తలేదు, తెలుసు కాబట్టే ఎత్తలేదు, తెలియకపోయినా ఎత్తదు, మొగుడి ముందు ఎన్నడెత్తింది గనక, మరి మొహియుద్దీన్, ఆయన మాత్రం ఏమంత దేవుడు, సొంతింటి గోడలకు ఇంకా సిమెంటు గిలాబు చేసుకోలేదు, మల్లాపూర్‌లో ఎవరో సిమెంటు తక్కువ వాడమన్నారని ఇల్లు మధ్యలో విడిచిపెట్టి వచ్చేశాడట, రేపు నన్నూ విడిచిపోతే సగం గోడల మధ్య కుక్కలు పండుకోవా, ఒక కసం తిననివాడు, కానీ టేపు నా చేతికిచ్చాడు, గుంజి చూసుకో అన్నాడు, గుంజి చూడు, ఈ మాట ఎవరిది, నాయనది, నేల మీద ఉన్నప్పుడే గుంజి చూడాలె బిడ్డా, నాయన ప్రమాణం చెయ్యమనలేదు మోకును, గుంజమన్నాడు, మరి బక్కయ్య మోకు, గోడకు తగిలించిన మోకు, బక్కయ్య తాపీ పట్టి ఇరవై ఏండ్లు, ఇరవై ఏండ్ల నుంచి ఏ చెట్టు ఎక్కాడా మోకుతో, ఏ బరువు మోసింది అది, సాలీడు గూడు పెట్టిన తాడు, ఎండి పుల్లయిన తాడు, ప్రాణం వేలాడని తాడులో కాటమయ్య ఎందుకుంటాడు, ఉండడు, మూలనున్న నా మోకులో కూడా లేడు, నేను పడ్డనాడే పోయాడు, ఎక్కని మోకు మీద ఎన్ని ప్రమాణాలైనా చెయ్యొచ్చు, అయ్యో, ఎక్కని మోకు మీద ఎవడైనా చేస్తాడు, ఇంతమాత్రం తెలియలేదా నాకు, గీతగాని కడుపున పుట్టి.

"అలో? ఇంటున్నవా? అలో..."

"ఆపు!" అన్నాడు ఎల్లేశం. "లతా, ఆపు! మొహియుద్దీన్ భాయ్‌కి చెప్పు, ఆపుమను!"

డప్పులు మోగాయి. జై తెలంగాణ అన్నారు అందరూ ఒక్కసారి. అవతల లత ఏమందో వినపడలేదు. ఫోను రెండో చెవికి మార్చాడు.

"...గిప్పుడంటె ఎట్ల? అయిపోయింది. అక్క రాయి పెట్టింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాత గోడ మీద. నువ్వేమనకుంటె, కానియ్యమన్నట్టే అన్నడు జితేందర్."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ముసలి గొంతు.

"ఎల్లేశం భాయ్, నేను, మొహియుద్దీన్. ఇను. రాయి పెట్టిండ్రు, సిమెంటు ఏం పొయ్యలె. తియ్యమంటె గిప్పుడే తీస్త. అసలు హద్దు మీద పెడుత. పాపం ఉంటె నాకు తాకని. నువ్వు ఊఁ అను చాలు."

ఊఁ అనడానికి నోరు కూడా తెరవక్కర్లేదు. రాయి కళ్ళ ముందుకొచ్చింది. పసుపు రాయి, మధ్యన కుంకుమ బొట్టు, అక్క బొటనవేలు అంత బొట్టు. అది గాల్లోకి లేస్తోంది. లేస్తుంటే కమ్మల సందున ఆకాశం కనబడింది, ఆకాశం పైకి పోతోంది, ఆకుల్లో పాము పోయినంత చప్పుడు. ఆడబిడ్డ పెట్టిన రాయి. కదిపితే ఇంటి పెద్ద లేచి తిరగడు. తుంటిలో ఎవరో మేకు దింపి తిప్పారు.

"వద్దు భాయ్."

"ఏంది?"

"వద్దు. ఉండనీ."

"ఖరారు చేసి చెప్తున్నవా?"

"ఆడబిడ్డ పెట్టింది. ఉండనీ."

"అయితె నాతోని పని లేదు" అన్నాడు మొహియుద్దీన్. కోపంగా కాదు, పొద్దుగూకింది అన్నట్టు. "తాడు చుట్టుకుంటున్న. లతకు జర ధైర్యం చెప్పు, ఏడుస్తున్నది."

ఫోను జేబులో పెట్టుకోవడానికి మూడుసార్లు వెతికాడు జేబును. ఖలీల్ వచ్చాడు, రెండు చేతుల్లో రెండు విస్తరాకులు, పొగలు కక్కే అన్నం, మీద పప్పు. "తీస్కో కాకా, ఉప్పు సరిపోయింది, మన నసీబు. గట్ల మొఖం పెట్టినవేంది, తెలంగాణ రాదన్నరా ఎవలన్న?" అని నవ్వాడు. వెనకే పొయ్యి దగ్గర నుంచి ఒకామె వచ్చింది, కొంగుతో నుదురు తుడుచుకుంటూ. "తమ్మీ, గా బాటిల్‌ల నీళ్ళున్నయా? ఆడ ముసలామెకు మెతుకు అడ్డం పడ్డది."

ఎల్లేశం బాటిల్ వైపు చూశాడు. పొద్దున చలికి వణుకుతూ ధర్మపురిలో మోకాళ్ళ లోతు దిగి, ఎవరూ ముంచని చోట ముంచిన నీళ్ళు. ఏ రాయి మీద పోస్తాడిప్పుడు? మూత తీసి ఇచ్చాడు. రోడ్డు పక్కన కూర్చున్న ముసలామె గటగటా తాగింది, దగ్గింది, ఇంకొన్ని తాగింది, ఎక్కడి నీళ్ళో అడగలేదు. లాఠీలవాళ్ళు కూడా ఓ పక్కన నిలబడి విస్తరాకులు అందుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ ఉరికించలేదు. ఉత్తగనే అంతసేపు భయపడ్డాడు. భయపడాల్సిన చోట రాయి కూర్చుండిపోయింది.

ముద్ద కలిపాడు గాని నోట పెట్టలేదు. మొహియుద్దీన్ ఆ రోజు చెప్పిన కొలత, వినకూడదని చెవులు మూసుకున్న కొలత, అన్నం మీద వేలితో గీసుకున్నట్టు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. తూర్పు హద్దు పొడుగునా అరవై అడుగులు, లోపలికి నాలుగున్నర అడుగులు. ముప్పై గజాల జాగ.